ఫ్లాష్ వెలుగుకు గొడుగు

ఫ్లాష్ వేసి తీసిన పెళ్ళి ఫొటోలు మీరు చూసే ఉంటారు. కొన్నింటిలో పెళ్ళికూతురి నుదురు, ముక్కు జిడ్డు పట్టినట్టు మెరుస్తాయి. వెనక గోడ మీద ఆమె నీడ నల్లగా, గీత గీసినట్టు పడుతుంది. అమ్మాయి చక్కగానే ఉంది. కెమెరా కూడా మంచిదే. మరి లోపం ఎక్కడుంది?

వెలుగు వచ్చే చోటు మరీ చిన్నది. అదే లోపం.

ఫ్లాష్ అద్దం అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దగా ఉంటుంది, అంతే. అంత చిన్న చోటు నుంచి వెలుగంతా ఒక్కసారి దూసుకొస్తుంది. అందుకే నీడ కరుకుగా పడుతుంది. అదే వెలుగు పెద్ద తెల్లగుడ్డ మీది నుంచి వస్తే? గుడ్డలో ఒక మూల నుంచి అందని చోటికి ఇంకో మూల నుంచి వెలుగు అందుతుంది. నీడ అంచు కరిగిపోతుంది.

ఎండలో నిలబడితే మన నీడ స్పష్టంగా కనిపిస్తుంది. మబ్బు పడితే కనిపించదు. సూర్యుడు ఎంతో పెద్దవాడే, కానీ చాలా దూరంలో ఉన్నాడు. మన కంటికి చిన్న బిళ్ళలాగే కనిపిస్తాడు. మబ్బు ఆ వెలుగును ఆకాశమంతా పరుస్తుంది. ఫొటోగ్రాఫర్ గొడుగు కొంటున్నాడంటే చిన్న మబ్బును కొంటున్నాడన్నమాట.

ఇంట్లోనే చేసి చూడవచ్చు. రాత్రిపూట లైట్లు ఆపి, గోడకు జానెడు ముందు ఒక చెంబు పెట్టండి. సెల్‌ఫోన్ టార్చి వెయ్యండి. నీడ అంచు చూడండి. ఇప్పుడు తెల్ల కాగితాన్ని టార్చికి ఆనించి పట్టుకోండి. వెలుగు తగ్గుతుంది, నీడ మాత్రం పెద్దగా మారదు. తర్వాత కాగితాన్ని టార్చికి దూరంగా, చెంబుకు దగ్గరగా జరపండి. కాగితమంతా వెలుగుతుంది. నీడ అంచు మెత్తబడుతుంది.

ఫ్లాష్ తలకు తొడిగే తెల్ల ప్లాస్టిక్ డబ్బా సంగతి కూడా ఇంతే. దాన్ని డిఫ్యూజర్ అంటారు. అది టార్చికి ఆనించిన కాగితం లాంటిది. తెల్లగోడలున్న గదిలో కొంత పనిచేస్తుంది. వెలుగును అన్ని వైపులకూ చిమ్ముతుంది, గోడలు దాన్ని తిప్పి పంపుతాయి. పొలంలోనో, ఆరుబయటో గోడలెక్కడివి? వెలుగు చీకట్లోకి పోతుంది. బ్యాటరీ ఖర్చే మిగులుతుంది.

అసలు ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. ఇంటి పైకప్పు తెల్లగా ఉండి, మరీ ఎత్తులో లేకపోతే, ఫ్లాష్ తలను పైకి తిప్పాలి. అప్పుడు పైకప్పే పెద్ద దీపం అవుతుంది. సత్యజిత్ రే 1956లో 'అపరాజితో' అనే బెంగాలీ సినిమా తీశాడు. దానికి కెమెరా పట్టినవాడు సుబ్రత మిత్ర. కాశీలోని ఒక ఇంటి లోగిలిని స్టూడియోలో సెట్ వేశారు. మిత్ర పైన తెల్లగుడ్డ కట్టించి, కింది నుంచి దీపాల వెలుగును దాని మీదికి కొట్టించాడు. తిరిగి వచ్చిన వెలుగు ఆకాశం నుంచి దిగినట్టే ఉంది. అది సినిమా దీపాల సంగతి. ఫ్లాష్‌కూ సూత్రం అదే.

అయితే పైన ఏ రంగు ఉందో ముందు చూసుకోవాలి. ఒక పెళ్ళిలో పసుపు రంగు షామియానా కట్టారు. ఫొటోగ్రాఫర్ అలవాటుగా ఫ్లాష్‌ను పైకి తిప్పి తీశాడు. ఫొటోలు చూసి పెళ్ళికూతురి తల్లి అడిగింది:

"ఏం బాబూ, మా పిల్లకి కామెర్లు వచ్చాయా ఏంటి?"

"షామియానా రంగు పడిందమ్మా. కంప్యూటర్లో సరిచేస్తా."

పసుపు తగ్గించాడు. ముఖం కొంత బాగుపడింది. కట్టిన పసుపు చీర రంగు వెలిసిపోయింది. మళ్ళీ తీద్దామంటే తాళి రెండోసారి కట్టరు కదా! ఆకుపచ్చ గోడ పక్కన తీసినా ఇంతే, చెంప ఆకుపచ్చగా వస్తుంది.

ఇలాంటి చోట మన వెలుగును మనమే వెంట తీసుకుపోవాలి. అందుకే గొడుగు. గొడుగుల్లో రకాలున్నాయి. తెల్లగుడ్డ గొడుగులో వెలుగు గుడ్డ దాటి మనిషి మీద పడుతుంది. మనిషికి బాగా దగ్గరగా పెట్టవచ్చు. కానీ కొంత వెలుగు వెనక్కి కూడా పోతుంది. పక్కన పసుపు గుడ్డలుంటే ఆ రంగు మళ్ళీ కొంత వస్తుంది. పైన నలుపు, లోపల తెలుపు ఉన్న గొడుగు వెలుగును వెనక్కి పోనివ్వదు. లోపల వెండి రంగున్నదైతే వెలుగు ఎక్కువ ఇస్తుంది, కానీ చెమట పట్టిన ముఖం మీద మెరుపు కూడా ఎక్కువే. మన ఎండాకాలపు పెళ్ళిళ్ళకు లోపల తెల్లగా ఉన్నదే నయం.

గుడ్డ పెట్టెలా ఉండేది సాఫ్ట్‌బాక్స్. వెలుగు పక్కలకు పోకుండా ముందుకే వస్తుంది. స్టూడియోలో బిగించి ఉంచడానికి మంచిది. ఊరూరూ తిరిగేవాళ్ళకు దాన్ని విప్పడం, బిగించడమే ఒక పని.

గొడుగు ఊరికే పనిచేయదు. సగానికి పైగా వెలుగును తినేస్తుంది. ఫ్లాష్ మీద 1/1, 1/2, 1/4, 1/8 అని అంకెలుంటాయి. 1/1 అంటే నిండు బలం. 1/2 అంటే సగం, 1/4 అంటే పావు. గొడుగు లేకుండా 1/8 చాలిన చోట, గొడుగు పెడితే 1/2 కావాల్సి రావచ్చు. అప్పుడు బ్యాటరీ త్వరగా దిగుతుంది. ఫ్లాష్ మళ్ళీ సిద్ధం కావడానికి ఆలస్యమవుతుంది. సరిగ్గా తాళి కట్టే క్షణంలో ఫ్లాష్ వెలగకపోతే? అందుకే జేబులో ఇంకో జత బ్యాటరీలు ఉండాలి.

దూరం లెక్క ఇంకా గట్టిది. గొడుగును రెట్టింపు దూరం జరిపితే వెలుగు సగం కాదు, పావే అందుతుంది. పైగా దూరం పోయిన గొడుగు చిన్న దీపమే అవుతుంది, నీడ మళ్ళీ కరుకవుతుంది. ఒక్కరినో ఇద్దరినో తీసేటప్పుడు గొడుగు వెడల్పు ఎంతో, మనిషికి దూరం కూడా సుమారు అంతే ఉంచితే బాగుంటుంది. ఇరవై మంది బంధువులను నిలబెడితే అది కుదరదు. దగ్గరున్నవాళ్ళు తెల్లబోతారు, చివరివాళ్ళు చీకట్లో పడతారు. గొడుగును వెనక్కి, ఎత్తుకు జరపక తప్పదు. నీడ కొంచెం కరుకైనా అందరి ముఖాలూ కనబడాలి.

ఆరుబయట గాలి వస్తే గొడుగు తెరచాపే. స్టాండు పడితే ఫ్లాష్ పగులుతుంది, పిల్లల మీద పడితే ఇంకా ప్రమాదం. స్టాండు కాలికి ఇసుక సంచి వేలాడదీయాలి. పగిలిన ఫ్లాష్‌ను ఇంట్లో విప్పకూడదు. స్విచ్ ఆపినా, బ్యాటరీలు తీసినా దాని లోపల కరెంటు నిలవ ఉంటుంది, గట్టి షాక్ కొడుతుంది.

కొనేటప్పుడు అట్టపెట్టె మీది అంకె చదవండి. 33, 43 అని అంగుళాల్లో ఉంటుంది. చాలాసార్లు ఆ కొలత గొడుగు వంపు మీద తీసింది. తెరిచి అడ్డంగా కొలిస్తే అంతకన్నా తక్కువే వస్తుంది. టేపు వెంట తీసుకుపోయి, గొడుగు అక్కడే తెరిపించి కొలవండి.