ఊళ్ళోకీ ట్రాక్‌కీ ఒకే బ్రేక్ ప్యాడ్లా?

ప్రశ్న: మాది జంషెడ్‌పూర్, కదమా. రోజూ కారులోనే డ్యూటీకి వెళ్తాను. ఈ ఏడాది అదే కారును చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి తీసుకెళ్ళాలని ఉంది. రేసింగ్ ప్యాడ్లు వేయించమంటారా?

జవాబు: రోజువారీ తిరుగుడుకి వద్దండి. రేసింగ్ ప్యాడ్ బాగా వేడెక్కితేనే పట్టు చూపిస్తుంది. జనవరి పొద్దున బిష్టుపూర్‌లో ఎవరైనా అడ్డొస్తే మొదటి తొక్కుకే కారు ఆగాలి. అక్కడ చల్లగా ఉన్న రేసింగ్ ప్యాడ్ ఆదుకోదు. పైగా కీచుమంటుంది, డిస్కును అరగదీస్తుంది. మామూలు ప్యాడ్‌ది వేరే కష్టం: ట్రాక్‌లో వరసగా గట్టి బ్రేకులు పడితే అందులోని రెసిన్ మాడి, పట్టు జారిపోతుంది. దల్మా కొండ దిగుతూ బ్రేకు మీదే కాలుంచినా ఇదే ప్రమాదం, గేరు తగ్గించి దిగండి.

అందుకే రెండు సెట్లు ఉంచుకుని, ట్రాక్ దగ్గర మార్పించుకోండి. కొత్త ప్యాడ్లను డిస్కుకు అలవాటు చేశాకే వేగం పెంచండి.

అంతకన్నా ముఖ్యం బ్రేక్ ఆయిల్. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు చేరి పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, కారు మాత్రం ఆగదు. ప్యాడ్లు కొనకముందే ఆయిల్ మార్పించండి.