సాయంత్రానికి గొంతు బొంగురుపోతోంది

ప్రశ్న: నేను ప్రైమరీ స్కూల్లో టీచర్‌ని. శనివారాలు భజనలో పాడతాను. రెండు నెలలుగా సాయంత్రమయ్యేసరికి గొంతు బొంగురుపోతోంది. పై స్థాయి అందడం లేదు. మిరియాల పాలు తాగుతున్నా, గుసగుసగా మాట్లాడుతున్నా తగ్గలేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండమ్మా. బొంగురు నాలుగు వారాలు దాటితే స్వరపేటికను చూపించుకోవాల్సిందే. ఆడవాళ్లు మాట్లాడేటప్పుడు స్వరతంతువులు సెకనుకు సుమారు 200 సార్లు తగులుకుంటాయి. అరిచి పాఠం చెబితే ఆ తాకిడి పెరిగి అంచుల్లో చిన్న బొడిపెలు రావచ్చు. అవే అయితే చాలామందికి ఆపరేషన్ లేకుండా వాయిస్ థెరపీతోనే తగ్గుతాయి.

మిరియాల పాలు హాయిగా ఉంటే తాగండి. కానీ మింగింది అన్నవాహికలోకి పోతుంది, స్వరతంతువులను తాకదు. గుసగుస మాత్రం మానేయండి, చాలామందిలో అది గొంతును ఇంకా బిగిస్తుంది.

డాక్టర్ సరేనంటే స్ట్రా సాధన చేయండి. అమెరికా శాస్త్రవేత్త ఇంగో టిట్జే దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు. సన్నని స్ట్రా పెదాల మధ్య బిగించి, ‘ఊ’ అంటూ స్వరాన్ని కింది నుంచి పైకి, పై నుంచి కిందికి మెల్లగా జార్చండి. స్ట్రాలో అడ్డుపడిన గాలి వెనక్కి ఒత్తిడి పెడుతుంది, తంతువులు గట్టిగా కొట్టుకోకుండానే కదులుతాయి. భజనలో హార్మోనియం శ్రుతి రెండు మెట్లు దించమనండి.