రాళ్ళ వయస్సు – పిల్లల అడుగులు

మన దేశంలో కుటుంబాలు పిల్లలను వెంటబెట్టుకొని ప్రయాణం చేయడం కొత్త విషయం కాదు. పుష్కరాలకు, తిరునాళ్ళకు, బంధువుల ఇండ్ల పెళ్ళిళ్ళకు ఒకప్పుడు ఎడ్లబండ్ల మీద, తరువాత రైళ్ళలో, బస్సులలో పిల్లలు తిరుగుతూనే వచ్చారు. మంచి రహదారులు, సొంత వాహనాలు పెరిగిన తరువాత దారిలో ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో నిర్ణయించుకునే వీలు కుటుంబానికే కలిగింది. అయితే ఆ వీలు వలన పిల్లలు నేర్చుకుంటున్నది ఎంత అన్నది వేరే ప్రశ్న. ఆరేళ్ళ పిల్లవానికి కొండను చూపితే కొండను చూస్తాడు. లోయను చూపితే లోయను చూస్తాడు. ఈ రెండింటికీ సంబంధమేమిటో ఎవరూ చెప్పకపోతే మూడవ చోటికి చేరేసరికి విసుగు చెందుతాడు. చూసినవాటినన్నింటినీ ఒకే దారాన గుచ్చగల ప్రశ్న ఒకటి పెద్దల వద్ద ఉండాలి. రాళ్ళ విషయంలో అది ఏ పిల్లవాడైనా అడిగే ప్రశ్నే: "దీని వయస్సెంత?"

ఈ ప్రశ్న వెంట నడిచే యాత్ర ఒకటి దక్షిణాపథంలో చేయదగినది. నంద్యాల జిల్లాలోని బెలుం గుహలు, కడప జిల్లాలోని గండికోట, తిరుమల, బెంగళూరులోని లాల్‌బాగ్, ఉడుపి జిల్లా మల్పె తీరానికి ఎదురుగా ఉన్న సెయింట్ మేరీ ద్వీపాలు – ఇవి ఐదు మజిలీలు. రోజుకు రెండు వందల కిలోమీటర్లకు మించకుండా, ఉదయం ప్రయాణం, సాయంత్రం విశ్రాంతి అన్న నియమం పెట్టుకుంటే చిన్నపిల్లలతో కూడ వారం పది రోజులలో పూర్తి చేయవచ్చును. 1851లో ఏర్పడిన భారత భూవిజ్ఞాన సర్వే సంస్థ చివరి మూడు చోట్ల ఉన్న శిలలను జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలుగా గుర్తించింది.

రాయి వేరు, గుహ వేరు

'బెలుం' అనే పేరు 'బిలం' నుండి వచ్చినదని చెబుతారు. భూవిజ్ఞాని రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో ఈ గుహలను ప్రస్తావించాడు. దాదాపు నూరేళ్ళ తరువాత, 1982, 1983 సంవత్సరాలలో డేనియల్ గెబావర్ నాయకత్వాన వచ్చిన జర్మనీ గుహాన్వేషకులు వీటిని శాస్త్రీయంగా కొలిచారు. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల మేర 2002 నుండి సందర్శకులకు ప్రవేశం కల్పించారు.

ఇది సున్నపురాతి ప్రదేశం. వాన నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని స్వల్పమైన ఆమ్లమవుతుంది. ఆ నీరు రాతి పగుళ్ళలోకి దిగి, లక్షల సంవత్సరాలపాటు సున్నపురాతిని కొంచెం కొంచెంగా కరిగించి బయటకు మోసుకొనిపోతుంది. మిగిలిన ఖాళీయే గుహ. ఈ సంగతి పిల్లలకు ముందుగా ఇంటి వద్దనే చూపవచ్చును. గుడ్డు పెంకును నిమ్మరసంలో వేస్తే బుడగలు లేస్తాయి, పెంకు పలచబడుతుంది. గుహలో జరిగినదీ ఇటువంటిదే. కాకపోతే అక్కడ నిమ్మరసం బదులు వాన నీరు, ఒక పూట బదులు లెక్కలేనన్ని వానాకాలాలు.

'దీని వయస్సెంత?' అన్న ప్రశ్నకు ఇక్కడ రెండు జవాబులు ఉన్నవి. సున్నపురాయి పాతది, దానిలోని గుహ చాలా తరువాతిది. గోడ కట్టిన నాడే దానిలో కన్నం ఉండదు కదా అంటే పిల్లలు వెంటనే గ్రహిస్తారు.

గండి పడిన కొండ

బెలుం నుండి జమ్మలమడుగు మీదుగా గండికోటకు పోయేటప్పుడు ఈ జవాబు మరొకసారి ఉపయోగపడుతుంది. చెరువుకట్ట తెగితే గండి పడినదని అంటాము. ఇక్కడ గండి పడినది కొండకు, పడగొట్టినది పెన్నానది. ఎర్రమల కొండలను కోసుకుంటూ నది చేసిన నిటారు లోయ అంచున కోట నిలిచినది. ఆ కోటలో మాధవరాయ, రంగనాథ ఆలయాలు, జామా మసీదు ఒకే ప్రాకారం లోపల ఉన్నవి.

లోయ గోడలు పొరలు పొరలుగా కనిపిస్తాయి. ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న ఇసుక ఒత్తిడికి గట్టిపడి రాయి అయినది. ఆ రాతిని మళ్ళీ నీరే కోసినది. కడప ప్రాంతపు ఇటువంటి శిలలలో అక్కడక్కడ పురాతన కాలపు అలల గుర్తులు రాతిలో నిలిచిపోయి ఉంటాయి. ఏటి ఒడ్డున తడి ఇసుక మీద చూసిన గీతలను, ఈ రాతి గీతలను పోల్చి చూడమంటే పెద్దల వివరణ అవసరం లేకుండానే పిల్లలకు విషయం బోధపడుతుంది. లోయ అంచుకు పోయినప్పుడు మాత్రం పిల్లల చేయి వదలరాదు. ఛాయాచిత్రం కోసం వారిని అంచున నిలబెట్టడం అసలే కూడదు.

పెన్నా పుట్టినది కర్ణాటకలోని నంది కొండలలో. గండికోట వద్ద పిల్లలు చూసే నీరు, తరువాత వారు చేరబోయే రాష్ట్రం నుండి వచ్చినదే.

ఎనభై కోట్ల సంవత్సరాల ఎడం

కడప, రాజంపేట, కోడూరుల మీదుగా తిరుపతి చేరే దారికి పక్కన శేషాచలం కొండలు సాగుతాయి. తిరుమల ఘాట్ రోడ్డులో కొండచరియను శ్రద్ధగా గమనిస్తే కింద ఒక రకమైన రాయి, దాని మీద స్పష్టమైన పొరలతో వేరొక రకమైన రాయి కనిపిస్తాయి. కిందిది సుమారు 250 కోట్ల సంవత్సరాలనాటి కణశిల. మీదిది సుమారు 160 కోట్ల సంవత్సరాలనాటి క్వార్ట్‌జైటు, అనగా ఇసుక గట్టిపడి ఏర్పడిన రాయి. రెండూ ఒకదానినొకటి తాకుతూ ఉన్నవి. వాటి వయస్సుల మధ్య మాత్రం 80 నుండి 90 కోట్ల సంవత్సరాల ఎడం ఉన్నది.

ఆ నడిమి కాలం ఏమైనది? పాత రాయి ఎండకు, వానకు గురి అయి అరిగిపోతూ ఉన్నది. అరిగిన ఆ నేల మీదికి తరువాత నీరు వచ్చి ఇసుకను పరచినది. ముత్తాత వేసిన పునాది ఏండ్ల తరబడి ఊరికే పడి ఉండగా, మునిమనుమడు వచ్చి దాని మీద గోడ లేపినట్లు ఊహించుకోవచ్చును. ఘాట్ రోడ్డు మలుపులలో బండి ఆపి దిగడం ప్రమాదకరం. కిటికీ నుండి చూసినది చాలు. ఆలయానికి ఉత్తరంగా సుమారు కిలోమీటరు దూరంలో ఉన్న శిలాతోరణం వద్ద కాలినడకన తిరిగి మిగిలిన పాఠం చెప్పుకోవచ్చును. ఎనిమిది మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు గల ఈ తోరణం మనుషులు చెక్కినది కాదు. రాతిలో మెత్తని భాగం అరిగిపోగా గట్టి భాగం మిగిలినది.

బోర్డుల మీది అక్షరాలు

చిత్తూరు, పలమనేరు దాటిన తరువాత రాష్ట్రం మారుతుంది. దుకాణాల బోర్డుల మీద కన్నడ అక్షరాలు వస్తాయి. తెలుగు చదవనేర్చిన పిల్లలు వాటిని చూసి మొదట తడబడి, తరువాత కూడబలుక్కొని చదవడం మొదలుపెడతారు. ఈ రెండు లిపులూ ఒకే పాత లిపి నుండి ఎదిగినవి. మాటలలోనూ వినోదం ఉన్నది. మన 'బండ' అక్కడ 'బండె'. 'నీరు' రెండు చోట్లా నీరే. కాని రాతిని కన్నడంలో 'కల్లు' అంటారు; ఆ మాట విని తెలుగు పిల్లలు నవ్వకుండా ఉండలేరు. రెండు భాషలు చుట్టాలని పాఠంలో చదివినదానికంటె ఆ నవ్వుతో నేర్చినది ఎక్కువకాలం నిలుస్తుంది.

బోర్డులు మారినా, దారికి ఇరువైపులా గుండ్రని పెద్ద బండరాళ్ళు మాత్రం కోలారు వైపు అలాగే సాగుతాయి. సరిహద్దు వచ్చినదని బోర్డు చెబుతుంది, రాయి చెప్పదు.

మూడు వందల అడుగుల నడక

బెంగళూరు లాల్‌బాగ్ తోటను 1760లో హైదర్ అలీ ప్రారంభించాడు. దానిలో కెంపేగౌడ గోపురం నిలిచిన బండ సుమారు 300 కోట్ల సంవత్సరాలనాటిది. నలుపు, తెలుపు చారలతో మెలికలు తిరిగి ఉన్న ఈ శిలను 'ద్వీపకల్ప నైస్' అంటారు. 1916లో మైసూరు భూవిజ్ఞాన శాఖకు చెందిన స్మీత్ ఈ పేరు పెట్టాడు. ద్వీపకల్పపు అతి పురాతనమైన పునాదిలో ఇది ఒక భాగం. తిరుమలలో పొరల కింద దాగిన పాత రాయి కూడ ఈ పునాదికి చెందినదే; ఇక్కడ అది ఆచ్ఛాదన లేకుండా బయటపడి ఉన్నది.

మూడు వందల కోట్లు అన్న సంఖ్య పెద్దలకే అందనిది. ఆరేళ్ళ పిల్లకు మూడు లక్షలైనా, మూడు వందల కోట్లైనా 'చాలా' అన్న ఒక్క మాటే. అందుచేత సంఖ్యను నడకగా మార్చాలి. ఒక అడుగుకు కోటి సంవత్సరాలు అనుకొని, ఈ రోజు దగ్గర బయలుదేరి, వెనుకటి కాలంలోకి నడవాలి. తొమ్మిదవ అడుగు పడేసరికి, యాత్ర చివర చూడబోయే ద్వీపాలు పుట్టిన కాలం దాటిపోతుంది. నూట అరవయ్యవ అడుగు వద్ద తిరుమల మీది పొరలు. రెండు వందల యాభయ్యవ అడుగు వద్ద కింది రాయి. ఈ రెండింటి నడుమ పిల్లలు నోరు మూసుకొని నడవాలని నియమం పెడితే, ఆ ఎడం ఎంతటిదో వారి కాళ్ళకే తెలుస్తుంది. మూడు వందలవ అడుగు వద్ద లాల్‌బాగ్ బండ.

ఇక మనిషి ఎక్కడ? మనవంటి మానవులు పుట్టి సుమారు మూడు లక్షల సంవత్సరాలు. పిల్లల అడుగు అర మీటరు అనుకుంటే, మానవజాతి చరిత్ర అంతా ఒకటిన్నర సెంటీమీటర్లు, అనగా ఒక వేలి వెడల్పు. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడిన తరువాత గడచిన కాలం తలవెంట్రుక మందంలో పదవ వంతు కూడ ఉండదు. సరిహద్దులు అనవసరమని దీని అర్థం కాదు. పాలనకు, భాషల వికాసానికి అవి అవసరమైనవి. కాని అవి ఎంత పాతవో, వాటి కింది నేల ఎంత పాతదో ఒకే నడకలో తెలిసిన పిల్లలు పొరుగు రాష్ట్రం వారిని పరాయివారుగా తలచడం కష్టం.

నిప్పు నుండి పుట్టిన ద్వీపాలు

బెంగళూరు నుండి హాసన్, సకలేశపురం మీదుగా పడమటి కనుమలు దాటాలి. సకలేశపురం వద్ద ప్రవహించే హేమావతి కావేరిలో కలిసి తూర్పు సముద్రానికి పోతుంది. శిరాడి ఘాటు దిగగానే కనిపించే వాగులు నేత్రావతిలో కలిసి పడమటి సముద్రానికి పోతాయి. ఒకే మేఘం కురిసిన నీరు శిఖరానికి అటు పడినదా, ఇటు పడినదా అన్నదాన్ని బట్టి రెండు వేర్వేరు సముద్రాలను చేరుతున్నది.

మల్పె నుండి పడవ మీద సెయింట్ మేరీ ద్వీపాలకు చేరాలి. వర్షాకాలంలో సముద్రం పోటెత్తి ఉండడం వలన పడవలు నడవవు. అక్కడి రాతి స్తంభాలు ఆరు మూలలతో, పేర్చిపెట్టినట్లు నిలిచి ఉంటాయి. సుమారు 8 కోట్ల 80 లక్షల సంవత్సరాల క్రితం, మడగాస్కర్ మన భూభాగం నుండి విడిపోయిన కాలంలో పొంగిన లావా ఇది. వేసవిలో ఎండిన చెరువు అడుగున నేల కుంచించుకొని నెర్రెలు విచ్చినట్లే, చల్లారుతున్న లావా కుంచించుకొని ఇలా పగిలినది. ఇక్కడ పిల్లలు నేర్చుకునేది ఒకటున్నది: రాళ్ళన్నీ ఒకే ఈడువి కావు, ఈ స్తంభాల ఎదుట లాల్‌బాగ్ బండ ముత్తాతలకు ముత్తాత.

తెచ్చుకోకూడనిది

ఇటువంటి చోట్ల మేకుతో పేరు చెక్కడం, గుర్తుగా ఒక రాతిముక్క విరిచి తేవడం మనవారిలో చాలమందికి తప్పుగా తోచదు. బెలుం గుహలలో సప్తస్వర గుహ అనే చోట రాతిని తట్టితే స్వరం పలుకుతుంది. తట్టి చూడాలన్న కోరిక పిల్లలకు సహజం. కాని ఏటా వచ్చే వేలాది మంది తలా ఒక దెబ్బ వేస్తే ఆ స్వరం ఎంతకాలం నిలుస్తుంది? విరిగిన ఆలయ స్తంభానికి బదులు శిల్పి మరొకటి చెక్కగలడు. ఎనభై కోట్ల సంవత్సరాల ఎడాన్ని చూపే గీతను ఏ శిల్పీ తిరిగి గీయలేడు. బెలుం గుహలే ఒకప్పుడు చుట్టుపక్కల చెత్తను పారవేసే చోటుగా ఉండేవి. స్థానికులు, అధికారులు పూనుకొనడం వలననే బాగుపడినవి. స్మారకమని బోర్డు పెట్టినంత మాత్రాన రాయి సురక్షితం కాదు. దాని వయస్సు తెలిసిన పిల్లలు ఊరిలో నలుగురు ఉంటే అది మేలైన కాపలా.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. మీ ఊరి కొండ లేదా బండ ఏ రకమైన రాయి? మీ ఊరిలో పాత ఇండ్ల పునాదులకు, మెట్లకు వాడిన రాయి అదేనా?

2. పాఠశాల ఆవరణలో అడుగుకు కోటి సంవత్సరాల చొప్పున మూడు వందల అడుగులు నడిచి, ఈ వ్యాసంలోని వయస్సులను సున్నంతో గుర్తించండి. మనిషి పుట్టిన చోటును ఎలా గుర్తిస్తారు?

3. మీ ప్రాంతపు నది లేదా వాగు ఎక్కడ పుట్టి, ఏయే జిల్లాలు, రాష్ట్రాలు దాటి, ఏ సముద్రాన్ని చేరుతున్నది? దారిలో దాని నీటిని తాగే ఊళ్ళలో మాట్లాడే భాషలను రాయండి.