అర్ధరాత్రి విమానాశ్రయంలో వీసా : మనం తెలుసుకోవలసిన సంగతులు

మన హాస్టల్లో చదివిన అన్నలు, అక్కలు కొందరు విదేశాలకు వెళ్తున్నారు. రేపు తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా వెళ్తారు. పట్నంలో చదువుకున్న కుటుంబాల పిల్లలకు ఇలాంటి ప్రయాణాల గురించి చెప్పడానికి ఇంట్లోనే పెద్దలు ఉంటారు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ పట్టా అందుకున్న మాలాంటివాళ్లకు ఆ అవకాశం లేదు. మనకు తెలియని చోటే ఏజెంటు మాట వేదమవుతుంది. అందుకే ఈ విషయం గురించి మేము సేకరించి చదివింది మీ ముందు పెడుతున్నాం.

వీసా ఆన్ అరైవల్ అంటే ఏమిటి?

మామూలుగా వీసాను ముందే ఆ దేశపు రాయబార కార్యాలయం నుంచి తీసుకోవాలి. కొన్ని దేశాలు మాత్రం విమానం దిగిన తర్వాత అక్కడి కౌంటరులోనే ఇస్తాయి. దీన్నే వీసా ఆన్ అరైవల్ అంటారు. మన దేశం కూడా జపాన్, దక్షిణ కొరియా పౌరులకు శంషాబాద్ వంటి విమానాశ్రయాల్లో ఇలాగే ఇస్తోంది.

భారతీయులకు మాల్దీవులు రుసుము లేకుండా ఇస్తాయి. ఇండోనేషియా 30 రోజులకు 5 లక్షల రూపాయలు తీసుకుంటుంది. కంగారు పడకండి, అవి వాళ్ల రూపాయలు! కంబోడియాలో పర్యాటక వీసాకు 30 డాలర్లు. ఈ వ్యాసంలో కంబోడియానే ఉదాహరణగా తీసుకున్నాం. కారణం చివరలో మీకే తెలుస్తుంది.

బయలుదేరే ముందు

1. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. వీసా స్టిక్కరు అతికించడానికి ఖాళీ పేజీలు ఉండాలి.

2. పాస్‌పోర్టు సైజు ఫొటోలు నాలుగైనా దగ్గర పెట్టుకోవాలి.

3. తిరుగు ప్రయాణం టికెట్టు, బస చేసే చోటు చిరునామా కాగితం మీద ప్రింటు తీసుకోవాలి. ఫోనులో ఉంటే చాలదా అని అడగవచ్చు. అర్ధరాత్రి ఛార్జింగు అయిపోతే, అక్కడి సిమ్ కార్డు లేకపోతే ఆ ఫోను ఎందుకూ పనికిరాదు.

4. డాలర్లను ఇక్కడే అనుమతి ఉన్న మారకపు కేంద్రంలో కొని, రసీదు తీసుకోవాలి. చిన్న నోట్లు కూడా ఉండాలి. కంబోడియాలో చిరిగిన, మాసిన డాలరు నోటును తీసుకోరు.

5. కంబోడియాకు విమానంలో వెళ్లేవారు 2024 సెప్టెంబరు నుంచి ఇ-అరైవల్ కార్డు తప్పనిసరిగా నింపాలి. చేరడానికి ముందు ఏడు రోజుల లోపల ఆన్‌లైన్‌లో నింపవచ్చు. దీనికి రుసుము లేదు. డబ్బు అడిగే సైటు ప్రభుత్వానిది కాదని గుర్తుపట్టాలి.

రుసుములు, నిబంధనలు మారుతూ ఉంటాయి. టికెట్టు కొనే ముందు ఆ దేశ ప్రభుత్వ సైటులో ఒకసారి సరిచూసుకోవాలి.

దిగిన తర్వాత

నోమ్‌పెన్ నగరానికి 2025 సెప్టెంబరులో టెకో అనే కొత్త విమానాశ్రయం వచ్చింది. అది నగరానికి దూరంగా, కాందాల్ రాష్ట్రంలో ఉంది. అక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందు నడుస్తుంది. అక్కడ రాత్రి పదకొండున్నర అయితే మన ఊళ్లో పది. ఇంటికి ఫోను చేసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

విమానం దిగగానే అందరి వెనుక ఇమిగ్రేషన్ వరుసలో నిలబడకూడదు. ముందు వీసా కౌంటరుకు వెళ్లాలి. ఫారం, ఫొటో, పాస్‌పోర్టు, డబ్బు ఇస్తే స్టిక్కరు అతికించి ఇస్తారు. అక్కడే నిలబడి పేరు, పాస్‌పోర్టు నంబరు, వీసా రకం, తేదీ చూసుకోవాలి. తర్వాత ఇమిగ్రేషన్‌లో వేలిముద్రలు తీసుకుని ముద్ర వేస్తారు. ఆ ముద్రలోని తేదీ కూడా చూసుకోవాలి. గడువు దాటితే రోజుకు 10 డాలర్ల చొప్పున జరిమానా పడుతుంది.

ఎందుకు వచ్చావు, ఎక్కడ ఉంటావు, ఎప్పుడు వెళ్తావు అని అధికారి అడగవచ్చు. ఉన్నది ఉన్నట్టు చిన్న మాటల్లో చెబితే చాలు. ఇంగ్లీషు తడబడినా సిగ్గుపడనక్కరలేదు. అతనికీ అది సొంత భాష కాదు.

రాత్రిపూట నిద్రమత్తు, అలసట ఉంటాయి. తెలియని మనిషి వచ్చి "పాస్‌పోర్టు ఇవ్వు, నేను పని చేయించుకొస్తా" అంటే ప్రాణం లేచి వచ్చినట్టు ఉంటుంది. ఇవ్వకూడదు. కౌంటరులోని అధికారికి తప్ప పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వవద్దు. చేరిన దగ్గర గది సిద్ధంగా లేకపోతే విమానాశ్రయంలోనే వెలుతురు ఉన్న చోట కూర్చుని తెల్లవారాక బయటికి వెళ్లడం మేలు.

అసలు సంగతి

కంబోడియా పర్యాటక వీసా మీద టి అనే అక్షరం ఉంటుంది. అది చూసి రావడానికే గానీ పని చేయడానికి కాదు. ఇ అనే రకం వీసా 35 డాలర్లు. దానితో కూడా పని చేయాలంటే వేరుగా వర్క్ పర్మిట్ కావాలి. "ముందు టూరిస్టు వీసా మీద వెళ్లు, అక్కడ మార్పిస్తాం" అన్న మాట నమ్మినవారి గతి ఏమైందో మనం పత్రికల్లో చూశాం. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి తీసుకెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని, ఆన్‌లైన్ మోసాలు చేయించారు. కంబోడియా నుంచి సుమారు 250 మంది భారతీయులను విడిపించి తీసుకొచ్చామని 2024 మార్చిలో విదేశాంగ శాఖ ప్రకటించింది. ఆ ఏడాది మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఇలా పంపిన ఏజెంట్లను అరెస్టు చేశారు. మయన్మార్‌లో ఇలాగే చిక్కుకున్న 283 మందిని 2025 మార్చిలో థాయిలాండ్ మీదుగా వాయుసేన విమానంలో తెచ్చారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. చదువుకున్నవాళ్లే, మనలాంటివాళ్లే.

కాబట్టి ఉద్యోగం మీద వెళ్లేవారు మూడు పనులు చేయాలి. ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ ఇ-మైగ్రేట్ సైటులో రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడాలి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. లక్షలు అడిగితే అక్కడే ఆగిపోవాలి. ఉద్యోగ వీసా, ఒప్పందపత్రం చేతికి వచ్చాకే విమానం ఎక్కాలి. అనుమానం ఉంటే ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం నంబరు 1800 11 3090కు ఫోను చేయాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పదో తరగతి పాసైనవారి పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ తనిఖీ ముద్ర ఉండదు. దానివల్ల గల్ఫ్ వంటి దేశాలకు పనికి వెళ్లేటప్పుడు ప్రభుత్వ అనుమతి అడగరు. అది మన చదువు మనకిచ్చిన స్వేచ్ఛ. కానీ అడిగేవారు లేరు గనుక మనల్ని మనమే అడుగుకోవాలి. ఏ వీసా మీద వెళ్తున్నాం, ఎవరు పంపుతున్నారు, తిరిగి రావడానికి టికెట్టు ఎవరి చేతిలో ఉంది? ఈ మూడింటికీ జవాబు తెలిసినవారు ఏ దేశంలో ఏ అర్ధరాత్రి దిగినా ధైర్యంగా కౌంటరు ముందు నిలబడగలరు. వెళ్లి వచ్చిన అన్నలు, అక్కలు తమ అనుభవాలను వచ్చే సంచికకు రాసి పంపాలని, తర్వాతివారికి దారి చూపాలని కోరుతున్నాం.