జలపాతపు హోరులో నేర్చుకొన్న పాఠము

చదువవలసిన భాగములు: 42, 43 కీర్తనలు, యోబు 2:11–13



మా గ్రామము నుండి బస్సెక్కినవారు హైదరాబాదులో మొదట దిగునది ఎల్.బి. నగరు కూడలి యొద్దనే. అక్కడికి సమీపముననున్న దిల్‌సుఖ్‌నగరు హాస్టళ్లలో మా సంఘపు యౌవనస్థులు ఆరుగురు ఉండి, ప్రభుత్వోద్యోగ పరీక్షలకు చదువుకొనుచున్నారు. గదికి నలుగురు, ఎదుటి గోడలనిండ కోచింగు సెంటర్ల ప్రకటనలు, క్రింద తెల్లవారినది మొదలు వాహనముల రొద. రెండు నెలలకొకసారి నేను వారిని చూడబోవుదును.

వారిలో ఒకడు విధవరాలి కుమారుడు. ఇరువదియేడేండ్లవాడు. ఒక పరీక్షలో కొద్ది మార్కులలో తప్పెను, మరియొకటి రద్దయ్యెను, మూడవదియు పోయెను. ఆ యేట క్రిస్మసుకు ఊరికి రాలేదు. "నా కొడుకు ఫోను తీయడం లేదు అయ్యగారూ" అని అతని తల్లి మా యింటి గుమ్మమున నిలిచి కన్నీరు పెట్టుకొనెను. నేనేమి చేసితిని? వెళ్లి అతనికి ప్రసంగము చేసితిని. ఇంకను కష్టపడుమంటిని, ఇంకను ప్రార్థించుమంటిని. అతడు తల వంచుకొని విని, "సరే అయ్యగారూ" అనెను. అంతే.

వానలు వెలసిన తరువాత ఒక శనివారము వారినందరిని జీపులో నల్లమల అడవిలోని మల్లెల తీర్థమునకు తీసికొనిపోతిని. కడ్తాల్, ఆమనగల్లు, డిండి దాటి, మన్ననూరు తనిఖీ గేటు యొద్ద అడవిలో ప్రవేశించితిమి. రాష్ట్రము విడిపోయిన తరువాత 2015లో ఆమ్రాబాదు పులుల అభయారణ్యముగా ఏర్పడిన అరణ్యమిది. రాత్రి తొమ్మిది గంటలు మొదలు ఉదయము ఆరు వరకు ఆ దారిని వాహనములు పోనియ్యరు. వటవర్లపల్లి యొద్ద శ్రీశైలము రహదారి విడిచి, సుమారు 8 కిలోమీటర్లు అడవి బాటన పోయి జీపు దిగితిమి.

అక్కడనుండి నడక. సుమారు 350 మెట్లు లోయలోనికి దిగవలెను. ఇరుప్రక్కల మద్దిచెట్లు, వెదురు పొదలు. దిగినకొలది ఎండ తగ్గి, నేల చెమ్మగిలి, చల్లని గాలి తగులును. నీరు కనబడుటకు ముందే దాని హోరు వినబడును. అడుగున వాగు ప్రక్కగా రాళ్లమీద జాగ్రత్తగా నడిచితిమి. నాచు పట్టిన రాయి మెరయుచు పిలుచును గాని, కాలు మోపినవానిని పడద్రోయును. ఎదుట కొండ అంచు నుండి నీళ్లు విరిగి పడుచుండెను.

నేను 42వ కీర్తనమీద చక్కని సందేశము సిద్ధపరచుకొని వచ్చితిని. బైబిలు తెరచి రెండు మాటలు పలికితిని. ఒక్కరికైనను వినబడలేదు! గొంతెత్తితిని, హోరు నా గొంతును మ్రింగివేసెను. గ్రంథము మూసి, ఆ యౌవనస్థుని ప్రక్కన రాతిమీద కూర్చుంటిని. అతడు నీళ్లలో కాళ్లు పెట్టి కూర్చుండెను. కొంతసేపటికి అతని భుజములు కదలుట చూచితిని. ఏడ్చుచుండెను. జలపాతము ఆ యేడ్పును ఎవరికిని విననీయలేదు. అరగంట యట్లే కూర్చుంటిమి.

తిరిగి ఎక్కునప్పుడు, సగము మెట్లమీద ఊపిరి తీసికొనుటకు నిలిచిన చోట అతడు నోరు తెరచెను. "అయ్యగారూ, అమ్మకు ముఖం చూపించలేక ఫోను తీయలేదు. ఈ మధ్య బ్రతకాలని కూడా అనిపించడం లేదు. ఈ రోజు మీరేమీ అడగలేదు. అందుకే చెప్పగలుగుతున్నాను."

నా హృదయములో కత్తి దిగినట్లాయెను. ఆ రాత్రి అతనిని హాస్టలుకు పంపలేదు. తల్లి యొద్దకు తీసికొనిపోతిని. ఆ వారములోనే వైద్యునికిని చూపించితిమి. తరువాత ఆ కీర్తనను మరల చదివితిని. మునుపు నేను చూడని నాలుగు సంగతులు అందు కనబడినవి.

1. దప్పికయు వరదయు ఒకే కీర్తనలో నున్నవి. మొదటి వచనములో నీటికై అలమటించు దుప్పి. ఏడవ వచనములో తలమీదుగా పొర్లిపోవు ప్రవాహములు. నీరు లేక ఎండిన ప్రాణమే నీట మునుగుచున్నది! దుఃఖములోనున్నవాని స్థితి ఇట్టిదే. "నీ బాధ ఇదియా, అదియా?" అని వానిని తర్కించవద్దు.

2. ప్రశ్న గాయపరచును. నీ దేవుడెక్కడ అని జనులు నిత్యము అడుగుటవలన కీర్తనకారునికి కన్నీళ్లే ఆహారమాయెను (3, 10 వచనములు). మన పిల్లలను మనమడుగు ప్రశ్న వేరు: "ఉద్యోగం వచ్చిందా?" ప్రేమతోనే అడుగుదుము, అయినను ప్రతి పెండ్లిలో, ప్రతి ఆదివారమున అదే ప్రశ్న వినువానికి అది కత్తిపోటు వంటిది. యోబు స్నేహితులు ఏడు దినములు నోరెత్తక నేలమీద కూర్చుండిరి. వారు చేసిన మేలు అదియే. నోరు తెరచిన తరువాతనే తప్పిపోయిరి.

3. ఆ ప్రవాహములు దేవునివని అతడు చెప్పుచున్నాడు. హెర్మోను ప్రాంతమున, యొర్దాను ఊటలు పుట్టు చోట, దేవాలయమునకు దూరముగా నుండి అతడు పాడుచున్నాడు. నేటికిని అక్కడ బనియాస్ అను వాగు జలపాతమై దూకుచున్నది. ఆ హోరు అతనికి వేడుక కాదు, భయము. అయినను "విధి" అనలేదు, "నా ఖర్మ" అనలేదు; ఇవి నీ అలలు అని దేవునితోనే మొరపెట్టుకొనెను. మొర వినువాడు ఒకడున్నాడని ఎరిగినవాడే అట్లు మాటలాడగలడు. వెంటనే ఎనిమిదవ వచనములో ఆయన కృపను తలంచుకొనుచున్నాడు.

4. విరిగిన నీరు నష్టపడలేదు. మల్లెల తీర్థము క్రింద ఆ వాగు అడవిగుండ పోయి కృష్ణానదిలో కలియును. కృష్ణ నాగార్జునసాగరములో నిలుచును. 2004లో మొదలైన త్రాగునీటి పథకము ద్వారా ఆ సాగరజలము అక్కంపల్లి జలాశయమునకు, కోదండాపురములోని శుద్ధి కేంద్రమునకు వచ్చి, అక్కడనుండి గొట్టములలో నూరు కిలోమీటర్ల దాపు పయనించి, ఎల్.బి. నగరు ప్రక్కనున్న సాహెబ్‌నగరునకు చేరుచున్నది. ఏ చుక్క ఏ కొండనుండి దూకినదో ఎవరు చెప్పగలరు? రాతిపై పడి ముక్కలైన నీరే దిల్‌సుఖ్‌నగరు హాస్టలులో ఒకని దాహము తీర్చుచుండవచ్చును. పడుచున్నప్పుడు నీటికి అది తెలియదు.

ఆ యౌవనస్థునికి నేటికిని ప్రభుత్వోద్యోగము రాలేదు. అయితే తల్లి పిలిచిన ప్రతిసారి ఫోను తీయుచున్నాడు. మా ఊరి పిల్లలకు సాయంత్రములు లెక్కలు చెప్పుచున్నాడు. ఇక పరీక్ష వ్రాయునో మానునో అతడే తేల్చుకొనును, నేనడుగను.

తల్లిదండ్రులారా, సంఘ పెద్దలారా! మీ బిడ్డలలో ఎవరైనను మాటలు తగ్గించి, ఇంటికి రాక తప్పించుకొనుచున్నయెడల, ఉత్తరువులు పంపక మీరే వెళ్లి ప్రక్కన కూర్చుండుడి. బ్రతుకుమీద విరక్తి కలిగినట్లు చెప్పినయెడల ఒంటరిగా విడువక వైద్యుని యొద్దకు తోడ్కొనిపొండు. 2022లో ప్రభుత్వము ఆరంభించిన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యలో ఏ వేళనైనను ఫోను చేయవచ్చును. వైద్యము అవిశ్వాసము కాదు.

గృహకూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు:

(1) కీర్తనకారుడు తన ప్రాణముతో తానే మాటలాడుకొన్న మాట ఈ రెండు కీర్తనలలో ఎన్నిసార్లు వచ్చుచున్నది? ఏల?

(2) మన సంఘమునుండి పట్టణములో చదువుకొనుచున్నవారెవరు? ఈ నెలలో వారిని ఎవరు చూడబోవుదురు?

(3) మనము ప్రేమతో అడుగు ప్రశ్నలలో మానవలసినవి ఏవి?

ప్రార్థన: ప్రభువా, మాటలాడవలసినప్పుడు మాటను, మౌనముగా కూర్చుండవలసినప్పుడు మౌనమును మాకు నేర్పుము. ఆమేన్.