నీలిపూత ఉన్నా తుప్పు ఎందుకు?

ప్రశ్న: మాది కాకినాడ. నా లైసెన్సు డబుల్ బ్యారెల్ తుపాకీని తోలు సంచిలో భద్రంగా పెట్టినా గొట్టాలపై ఎర్రమచ్చలు వస్తున్నాయి. ఏం చేయాలండీ?

జవాబు: ముందు ఆ సంచి మానేయండి. తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది. గొట్టాలపై ఉండే నీలిపూత రంగు కాదు, ఉక్కు పైభాగమే మాగ్నటైట్‌గా మారిన పలుచని పొర. నిజంగా తుప్పును ఆపేది దాని సన్నని రంధ్రాల్లో ఇంకిన నూనె. తూటాలు లేవని చూసుకుని, మచ్చలపై గన్ ఆయిల్ వేసి, నాలుగు సున్నాల స్టీల్ ఊలుతో మెల్లగా రుద్దండి. వెనిగర్, నిమ్మరసం మాత్రం తగలనివ్వకండి; తుప్పుతోపాటు నీలాన్నీ కరిగించేస్తాయి. ముట్టుకున్న ప్రతిసారీ చేతిచెమట తుడిచి, నూనెగుడ్డతో పల్చగా పూయండి. బీరువాలో సిలికా జెల్ ఉంచండి. మళ్లీ పూత వేయిస్తే ఒక్క జాగ్రత్త: జంట గొట్టాలను టంకంతో అతుకుతారు, మామూలు వేడిపూతలో వాడే మరిగే కాస్టిక్ లవణాలు ఆ అతుకును తినేస్తాయి. ఆ లవణాలు వాడని రస్ట్ బ్లూయింగ్ పద్ధతి తెలిసినవారికే ఇవ్వండి.