బీడీ మానుటకు వయస్సు మించిపోలేదు



వేసవి వచ్చినదంటే ఏటపల్లి, ఆలపల్లి, సిరొంచ ప్రాంతములలో ఇంటింటా తునికాకు పనియే. తెల్లవారకముందే అడవికి పోయి, ఆకు కోసి, కట్టలు కట్టి, కల్లములో అప్పగించగా వచ్చిన డబ్బు ఎన్నో కుటుంబములకు ఆధారము. ఆకు కోయు చేతులను ఎవరును తప్పు పట్టనక్కరలేదు. అయితే ఆ ఆకు పొగాకును చుట్టుకొని బీడీయై మన ఇండ్లకే తిరిగి వచ్చుచున్నది. ఈ పాఠము ఆ బీడీని గూర్చినది.

"బీడీ చిన్నది, సిగరెట్టంత చెడ్డది కాదు" అని మన పెద్దలు అనుట వినుచున్నాము. బీడీలో పొగాకు తక్కువ అనుమాట నిజమే. కాని తునికాకు గాలిని చొరనివ్వదు, సరిగా మండదు. ఆరిపోకుండ మాటిమాటికి గట్టిగా పీల్చవలెను. అందుచేత తారు, నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్టుకంటె తక్కువగా కాదు, తరచు ఎక్కువగానే లోపలికి పోవును.

ఇక రెండవ మాట: "ముప్పది ఏండ్లు తాగితిని, ఇప్పుడు మానితే ఏమి లాభము?" దీనికి జవాబు అంకెలలో ఉన్నది. ఇంగ్లండు వైద్య పరిశోధకులు రిచర్డ్ పీటో, రిచర్డ్ డాల్ మొదలగువారు 2000 సంవత్సరములో ప్రకటించిన లెక్క ఇది. జీవితమంతా సిగరెట్టు తాగు పురుషులలో 75 ఏండ్లలోపు ఊపిరితిత్తుల క్యాన్సరుతో చనిపోవువారు నూటికి సుమారు 16 మంది. 60వ ఏట మానినవారిలో 10 మంది, 50వ ఏట మానినవారిలో 6గురు, 40వ ఏట ముగ్గురు, 30వ ఏట ఇద్దరు. ఇవి ఆ దేశపు సిగరెట్ల లెక్కలు. మన బీడీలకు అవే అంకెలు సరిపోవునని కాదు, త్వరగా మానినకొలది లాభము ఎక్కువ అనునది మాత్రము ఇక్కడను నిజమే. జరిగిన హాని పూర్తిగా తుడిచిపెట్టబడదు. కాని అపాయము పెరుగుట అక్కడితో ఆగును. గుండెకు మేలు ఇంకా త్వరగా కలుగును: ఒక్క సంవత్సరములోనే గుండెజబ్బు అపాయము, తాగుచున్నవారితో పోల్చినప్పుడు, సుమారు సగమగును.

మానిన మొదటి దినములు కష్టమే. కోరిక వచ్చినప్పుడు కొన్ని నిమిషములు ఓర్చుకొనిన అది దాటిపోవును. కొందరికి మానిన తరువాత కొన్ని వారములు దగ్గు హెచ్చును. "మానినందుకే దగ్గు పట్టినది" అని మరల బీడీ ముట్టించువారున్నారు. అది ఊపిరితిత్తులు తమను తాము శుభ్రపరచుకొనుట మాత్రమే. బీడీకి బదులుగా ఖర్రా పట్టుకొనుట మానుట కాదు. పొగాకు, వక్క, సున్నము కలిసిన ఆ ముద్ద నోటి క్యాన్సరుకు దారి. మన గడ్చిరోలి జిల్లాలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణి బంగ్‌గారల సర్చ్ సంస్థ, ప్రభుత్వము, టాటా ట్రస్టులు కలిసి 2016లో ముక్తిపథ్ కార్యక్రమము ప్రారంభించినది మద్యముతోపాటు ఈ పొగాకును గూర్చియే. మానదలచినవారికి ఉచితముగా సలహా చెప్పు ప్రభుత్వ ఫోను 1800-11-2356.

అన్నిటికంటె జాగ్రత్తగా చదువవలసినది దగ్గును గూర్చి. మూడు వారములు దాటిన దగ్గు, తెమడలో రక్తము, బొంగురు గొంతు, కారణము లేకుండ బరువు తగ్గుట, ఛాతీలోగాని భుజములోగాని నొప్పి – ఇవి క్షయకు ఉండవచ్చును, ఊపిరితిత్తుల క్యాన్సరుకును ఉండవచ్చును. ఎక్స్‌రేలో రెండును ఒకేలా కనబడుట కద్దు. అందుచేత క్షయ అనుకొని నెలల తరబడి మందులు మింగి, ఆలస్యముగా క్యాన్సరు బయటపడినవారు మన దేశములో తక్కువ కాదు. తెమడ పరీక్ష తప్పక చేయించండి. పరీక్షలో క్షయ తేలకపోయినను, మందులు వాడుచున్నను దగ్గు తగ్గకపోయినను, "ఇది క్యాన్సరు కావచ్చునా, పెద్దాసుపత్రిలో చూపించవలెనా?" అని డాక్టరును అడుగుటకు మొగమాటపడవద్దు. బీడీ ముట్టని స్త్రీలకును కట్టెపొయ్యి పొగవలన, ఇంటిలో ఇతరులు తాగు పొగవలన ఈ జబ్బు రావచ్చును గనుక వారి దగ్గును కూడ తేలికగా తీసుకొనరాదు.

ఆసుపత్రికి పోవునప్పుడు ఎన్ని ఏండ్లనుండి, దినమునకు ఎన్ని బీడీలు తాగుచున్నారో, ఎప్పుడు మానినారో ఒక కాగితముమీద వ్రాసికొని పోండి. డాక్టరు అడుగకపోయినను చూపించండి.